బోర్డు మీద నల్ల హంస, జనం నోట్లో బురద బాతు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చదువుకోవడానికి యూకే వచ్చారు. క్లాసువాళ్లు "శుక్రవారం సాయంత్రం మక్కీ డక్‌లో కలుద్దాం" అన్నారు. మ్యాప్‌లో వెతికితే ఊరు మొత్తమ్మీద ఆ పేరుతో ఏమీ లేదు. పైగా దారిలో కనపడిన పబ్బుల బోర్డులన్నీ రెండు మెడల హంస, ఏనుగు మీద కోట, మేకుల సంచి. ఈ పేర్లు ఇలా ఎందుకున్నాయి, మారుపేరు ఒక్కటే తెలిస్తే పబ్బుని పట్టుకోవడం ఎలా?

ముందు పని కానిద్దాం. మ్యాప్‌లో "బ్లాక్ స్వాన్" అని కొట్టండి. దొరక్కపోతే "స్వాన్", ఆ తర్వాత "వైట్ స్వాన్". మక్కీ డక్ అంటే బురద బాతు. బోర్డు మీద నల్ల హంస ఉన్న పబ్బుకి ఇంగ్లండులో చాలా ఊళ్లలో పడే మారుపేరే అది. కొన్నిచోట్ల డర్టీ డక్ అంటారు. షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో నది ఒడ్డున ఉన్న బ్లాక్ స్వాన్‌కి ఈ రెండో పేరు ఎంత గట్టిగా అతుక్కుందంటే, వేలాడే బోర్డుకి ఒకవైపు హంస, రెండోవైపు బాతు వేయించారు. రెండో ప్రపంచ యుద్ధంలో నది అవతల దిగిన అమెరికన్ సైనికులు పెట్టిన పేరని అక్కడివాళ్లు చెబుతారు. ఇప్పుడు "బ్లాక్ స్వాన్ ఎక్కడ?" అని అడిగితే ఆ ఊరివాళ్లే ఒక క్షణం ఆలోచిస్తారు.

ఇందులో అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే: పబ్బుకి బొమ్మే పేరు. అక్షరాలు తర్వాత వచ్చాయి. 1393లో రెండో రిచర్డు కాలంలో పెట్టిన నియమం ప్రకారం, అమ్మడానికి ఏల్, అంటే ఒక రకం బీరు, కాచేవాడు ఇంటి ముందు గుర్తు వేలాడదీయాలి, లేకపోతే కాచిన ఏల్ మొత్తం జప్తు. సరుకు రుచి చూసి నాణ్యత తేల్చే అధికారికి ఇల్లు తెలియాలి కదా. తాగేవాడికీ చదువు రాదు, కాబట్టి గుర్తంటే బొమ్మే. చాలామంది రాజుగారి చిహ్నమే వేయించుకున్నారు: మెడలో బంగారు పట్టీ, గొలుసు ఉన్న తెల్ల దుప్పి. ఇప్పుడు మీరు చూసే "వైట్ హార్ట్" అదే. దాన్ని తెల్ల గుండె అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉంటారు, స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా. గొలుసు కనపడితే దుప్పి అని గుర్తుపెట్టుకోండి.

బొమ్మే పేరైనప్పుడు జనం చూసింది అంటారు, యజమాని అనుకున్నది కాదు. పెయింటరు చెయ్యి కాస్త తిరగకపోతే గద్ద కోడవుతుంది, సింహం పిల్లి అవుతుంది. మారుపేర్లలో సగం ఇక్కడే పుట్టాయి. ఆక్స్‌ఫర్డ్‌లోని "ఈగిల్ అండ్ చైల్డ్" డెర్బీ ప్రభువుల వంశచిహ్నం, గద్ద గూట్లో దొరికిన పసివాడి కథ. యూనివర్సిటీ వాళ్లకి అది "బర్డ్ అండ్ బేబీ", పిట్టా పాపాయీ. రచయితలు టోల్కీన్, లూయిస్ వాళ్ల మిత్రబృందం వారం వారం చేరింది అక్కడే కాబట్టి ఈ ముద్దుపేరు ప్రపంచమంతా తెలిసింది. లండన్‌లోని "ఎలిఫెంట్ అండ్ కాసిల్"ని పాత యాస నిఘంటువులు "పంది, చెకుముకి డబ్బా" అని రాసుకున్నాయి. ఏనుగు పంది, పైన కోట నిప్పుపెట్టె అన్నమాట. ఆ బొమ్మ ఎంత బాగా వేశారో ఊహించుకోవచ్చు.

ఈ ఎలిఫెంట్ అండ్ కాసిల్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే పబ్బు పేర్ల విషయంలో అందరూ బోల్తా పడేది ఇలాంటిచోటే. "స్పెయిన్ రాకుమారి, ఇన్ఫాంటా ద కాస్టీల్, అదే పలుకు తిరిగి ఎలిఫెంట్ అండ్ కాసిల్ అయింది" అని ఎవరో ఒకరు మీకు చెప్పి తీరతారు. నమ్మకండి. వాళ్లు చెప్పే ఎలినార్, కాస్టీల్‌లో పుట్టి ఇంగ్లండు రాణి అయినావిడ, పోయింది 1290లో, ఇన్ఫాంటా అనే మాట ఇంగ్లీషులోకి వచ్చిందే 1600 ప్రాంతంలో. మరోవైపు ఏనుగు మీద అంబారీలా కోట ఉన్న చిహ్నం లండన్ కత్తుల పనివారి సంఘానిది. కత్తి పిడులకి ఏనుగు దంతం వాడేవారు, అందుకని ఏనుగు. బొమ్మకి బొమ్మతోనే సమాధానం దొరుకుతున్నప్పుడు పలుకుబడి మారిన కథతో పనేముంది?

ఇదే పద్ధతిలో మిగతావీ తూచి చూడండి. "గోట్ అండ్ కంపాసెస్" అంటే మేక, వృత్తలేఖిని. "గాడ్ ఎన్‌కంపాసెస్ అజ్" అన్న భక్తివాక్యం చెడిపోయి ఇలా అయిందంటారు. "బ్యాగ్ ఓ నెయిల్స్" అనేది బాకనల్స్ నుంచి, అంటే మద్యదేవుడి ఉత్సవాల పేరు నుంచి వచ్చిందంటారు. "బుల్ అండ్ మౌత్"ని బులోన్ మౌత్ చేసి ఎనిమిదో హెన్రీ 1544లో గెలిచిన ఫ్రెంచి రేవుకి ముడిపెడతారు. మూడింటిలోనూ వినడానికి బాగున్న కథే తప్ప పాత రాత ఆధారం లేదు. మేకుల సంచి ఇనుప సామాన్ల కొట్టు గుర్తు అనుకోవడమే సూటిగా ఉంటుంది. పరీక్ష చిన్నది: మొదట రాసిన రూపం ఏది, ఎప్పటిది? కథలోని మాట దానికన్నా ముందు ఎక్కడైనా బోర్డుగా కనిపించిందా? లేకపోతే ఆ కథ బీరుతో పాటు నంజుకోవడానికే.

పలుకు మారిన పేర్లు అసలు లేవని కాదు. "స్వాన్ విత్ టూ నెక్స్" నిజంగానే అలాంటిది. థేమ్స్ నదిలో హంసల మీద రాజుతో పాటు రెండు సంఘాలకి హక్కుంది, ఒకటి ద్రాక్షసారా వర్తకులది, రెండోది అద్దకపు వారిది. ఏటా జూలైలో పడవల మీద వెళ్లి హంసలని పట్టి లెక్కవేస్తారు. పూర్వం ముక్కు మీద గాటు పెట్టేవారు. అద్దకం వారికి ఒక గాటు, సారా వర్తకులకి రెండు, రాజువాటికి ఏమీ లేదు. గాటుని నిక్ అంటారు. రెండు నిక్కుల హంస సారా వర్తకులది కాబట్టి తాగే చోటుకి సరిపోయే గుర్తు. నిక్ కాస్తా నెక్ అయింది, పెయింటర్లు నిజంగానే రెండు మెడలు వేసేశారు.

చరిత్రని బోర్డు మీద చదవాలంటే "రాయల్ ఓక్" మంచి మొదలు. 1651 సెప్టెంబరులో ఊస్టర్ యుద్ధంలో ఓడిన రెండో చార్లెస్ బాస్కబెల్ దగ్గర ఓక్ చెట్టులో ఒక పగలంతా దాక్కున్నాడు. అందుకే ఆకుల మధ్య కిరీటమో మొహమో ఉంటుంది. "మార్క్విస్ ఆఫ్ గ్రాన్బీ" బోర్డు మీద బట్టతల సైన్యాధికారి కనిపిస్తాడు. 1760లో వార్‌బర్గ్ యుద్ధంలో గుర్రం దౌడులో టోపీ, విగ్గు ఎగిరిపోయినా ఆగలేదు. తన దగ్గర పనిచేసిన సైనికులకి పబ్బు పెట్టుకోవడానికి డబ్బు సాయం చేశాడంటారు, అందుకే ఆయన పేరుతో అన్ని పబ్బులు. "జనరల్ హేవ్‌లాక్", "లార్డ్ క్లైడ్" కనపడితే 1857 లక్నో గుర్తుచేసుకోండి, ఇద్దరూ అక్కడ పోరాడినవాళ్లే. ఇక ప్రతి రెండో ఊళ్లో ఉండే "డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్" ఆర్థర్ వెల్లెస్లీ. వాటర్లూ గెలవడానికి 16 ఏళ్ల ముందు, 1799లో టిప్పు మీద యుద్ధానికి హైదరాబాద్ నిజాం పంపిన సేనకి నాయకత్వం వహించింది ఈయనే. మీ పక్కవాళ్లకి ఈ ముక్క తెలిసి ఉండే అవకాశం తక్కువ.

ఇప్పుడు మారుపేర్ల అసలు గని, బ్లాక్ కంట్రీ. బర్మింగ్‌హామ్‌కి పడమర డడ్లీ చుట్టుపక్కల పాత బొగ్గు, ఇనుము ప్రాంతం. ఇక్కడ అధికారిక పేరు లైసెన్సు కాగితం మీదే ఉంటుంది.

బ్రయర్లీ హిల్‌లో "వైన్", అంటే ద్రాక్షతీగ. ఎవరూ అలా అనరు, అందరికీ అది "బుల్ అండ్ బ్లాడర్", ఎద్దూ ఉచ్చబుడ్డా. పక్కనే కసాయి పని జరిగేది కాబట్టి ఆ పేరు. వెనకాలే బాథమ్స్ వాళ్ల బీరు బట్టీ. ముందు గోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా షేక్‌స్పియర్ వాక్యం, మీరు మంచి ఏల్ కాస్తారు, మీ మనసు చల్లగుండ అని. కాబట్టి ఆ వీధిలో "వైన్" అని వెతకొద్దు, గోడ మీద పెద్ద అక్షరాలు వెతకండి. నెథర్టన్‌లో "ఓల్డ్ స్వాన్" ఉంది. లోపల తల ఎత్తితే ఎనామెల్ పలకల సీలింగు, మధ్యలో హంస. అయినా పేరు "మా పార్డోస్", అంటే పార్డో అమ్మగారిది. దశాబ్దాల పాటు నడిపిన డోరిస్ పార్డో పేరు. మన దగ్గర కల్లు దుకాణానికి కౌంటర్లో కూర్చునే మనిషి పేరే పేరైనట్టు.

మూడోది హిమ్లీ దగ్గరి "క్రుకెడ్ హౌస్", వంకర ఇల్లు. దాని అసలు పేరు గ్లిన్ ఆర్మ్స్, అక్కడి భూస్వామి ఇంటిపేరు. 1765లో కట్టిన ఇల్లు. కింద బొగ్గు తవ్వడంతో నేల కుంగి ఒక పక్క దాదాపు 4 అడుగులు దిగిపోయింది. ఆ యాసలో వంకరకి సైడెన్ అంటారు, అందుకని ముందు "సైడెన్ హౌస్" అయింది, తర్వాత క్రుకెడ్ హౌస్. లోపలి చూడదగ్గ వింత గోళీ. బల్ల మీద పెడితే ఎగువకి దొర్లినట్టు కనిపించేది. మాయ ఏమీ లేదు. గోడ, కిటికీ చట్రం, తలుపు అన్నీ ఒకే వాలులో ఉంటే కన్ను వాటినే సమతలం అనుకుంటుంది. గోళీ మాత్రం భూమి మాటే వింటుంది. మనకి ఎత్తుగా కనిపించే చివర నిజానికి పల్లం. 2023 ఆగస్టు 5న ఆ పబ్బు కాలిపోయింది, రెండు రోజుల్లో మిగిలిన గోడలూ కూల్చేశారు. మరుసటి ఏడు మళ్లీ కట్టి తీరాలని స్థానిక కౌన్సిలు నోటీసు ఇచ్చింది. వార్తల్లో అందరూ అన్నది క్రుకెడ్ హౌస్ అనే, చూడండి. మారుపేరు అసలు పేరుని మింగేయడం అంటే ఇదే.

ఈ ప్రాంతంలోనే మన ఉపఖండం వాళ్ల సంగతీ ఉంది. 1960లలో ఇక్కడి చాలా పబ్బులు నల్లవారిని, భారతీయులని ఒక గదికే పరిమితం చేసేవి, లేదా సరుకు ఇచ్చేవి కావు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లవారి నాయకుడు మాల్కమ్ ఎక్స్ ఇక్కడి స్మెథిక్ ఊరికి వచ్చి ఆ వివక్షని స్వయంగా చూసింది "బ్లూ గేట్స్" అనే పబ్బులో. తర్వాతి తరంలో పంజాబీలే పబ్బులు కొని నడపసాగారు. బోర్డు మీద పాత రెడ్ లయన్ అలాగే ఉంటుంది, లోపల మిక్స్‌డ్ గ్రిల్, తందూరీ పొగ. వీటిని "దేశీ పబ్" అంటారు. తాగని స్నేహితులుంటే మొదటిసారి ఇక్కడికి తీసుకెళ్లడం మంచిది, తిండి కోసమే వచ్చే కుటుంబాలు కనపడతాయి.

మారుపేరు బోర్డెక్కిన వాటిలో నాకు బాగా నచ్చేది "రామ్ జామ్ ఇన్". రట్లండ్‌లో గ్రేట్ నార్త్ రోడ్డు మీద ఉండేది, మొదటి పేరు వించెల్సీ ఆర్మ్స్. కథ ఇలా చెబుతారు: ఒక బాటసారి యజమానురాలితో, ఒకే పీపాలోంచి మైల్డ్, బిట్టర్ రెండు రకాల బీర్లూ తీసే కిటుకు చూపిస్తానన్నాడు. పీపాకి ఒకవైపు తొలిచి, బీరు కారకుండా బొటనవేలు పెట్టమన్నాడు. రెండోవైపు తొలిచి రెండో బొటనవేలు పెట్టమన్నాడు. ఒకటి రామ్, ఒకటి జామ్, రెంటికీ కుక్కడమనే అర్థం. బిరడాలు తెస్తానని బయటికెళ్లి, బిల్లు కట్టకుండా గుర్రం ఎక్కాడు. రెండు చేతులూ పీపాకి అంటుకుని ఉన్నావిడ ఏం చేస్తుంది? మరో కథ ప్రకారం ఇండియాలో పనిచేసి వచ్చిన యజమాని అమ్మిన ఘాటు సరుకు పేరు రామ్ జామ్. అదే నిజానికి దగ్గరనిపిస్తుంది. మొదటిది చెప్పుకోవడానికి బాగుంటుంది, అందుకే నిలిచింది.

మాంచెస్టర్ పక్కన ప్రెస్ట్‌విచ్‌లో "సేమ్ యెట్" అని ఒకటుంది. ముందు సెవెన్ స్టార్స్. బోర్డు వెలిసిపోతే పెయింటరు వచ్చి ఏం రాయాలని అడిగాడు, "సేమ్ యెట్", అంటే ఇంతకుముందుదే, అన్నాడు యజమాని. పెయింటరు అదే రాశాడు. లేక్ డిస్ట్రిక్ట్‌లో "డ్రంకెన్ డక్": పెరట్లో బాతులు చచ్చి పడున్నాయనుకుని యజమానురాలు ఈకలు పీకడం మొదలుపెట్టిందట. తీరా అవి కారిన పీపా బీరు తాగి మత్తులో ఉన్నాయి. లేచిన బాతులకి చలి వేయకుండా ఉన్ని చొక్కాలు అల్లిందని ముగింపు. నిజమా అని అడగొద్దు.

చావు చుట్టూ కూడా చాలా పేర్లున్నాయి. కార్న్‌వాల్‌లో "బకెట్ ఆఫ్ బ్లడ్" బోర్డు మీది పేరే: బావిలో చేద వేస్తే నెత్తురు వచ్చిందట, అడుగున శవం. లండన్ కోవెంట్ గార్డెన్‌లో "లాంబ్ అండ్ ఫ్లాగ్"కి అదే పేరు మారుపేరు, మేడ మీద జరిగిన ఉత్తచేతుల ముష్టియుద్ధాల వల్ల. డబ్లిన్‌లో గ్లాస్‌నెవిన్ శ్మశానం గోడనానుకుని 1833 నుంచి ఉన్న పబ్బు బోర్డు మీద జాన్ కావనా అని ఉంటుంది. అడగాల్సింది "గ్రేవ్‌డిగ్గర్స్" ఎక్కడని. గోతులు తవ్వేవాళ్లు పని మధ్యలో గోడ మీద తట్టి గ్లాసు తెప్పించుకునేవారట. ఐర్లండ్‌లో బోర్డు మీద యజమాని పేరు ఉండటమే మామూలు, బొమ్మలు తక్కువ. కాబట్టి అక్కడ మారుపేరు బొమ్మ నుంచి కాక చోటు నుంచి వస్తుంది.

జోకు పేర్లు కొంత తర్వాతివి. 1830 చట్టం ప్రకారం పన్ను కట్టే ఇంటివాడు ఎవరైనా 2 గినీలు చెల్లించి ఇంట్లో బీరు అమ్మొచ్చు. ముందు గదిలో పీపా పెట్టి అమ్మిన ఆ చిన్న కొట్లని "టామ్ అండ్ జెర్రీ షాపులు" అన్నారు. కార్టూన్ కాదు, అంతకు తొమ్మిదేళ్ల ముందు పేరుపడిన ఒక కథలోని ఇద్దరు జల్సారాయుళ్లు. ప్లిమత్‌లో "నోవేర్ ఇన్" ఉంది, ఎక్కడున్నావని ఇంట్లో అడిగితే అబద్ధం చెప్పక్కర్లేదు. 1979లో లండన్ సదర్క్‌లో "గూస్ అండ్ ఫర్కిన్" మొదలై ఆ వరసలో ఫాక్స్ అండ్ ఫర్కిన్, ఫ్రాగ్ అండ్ ఫర్కిన్ వచ్చాయి. ఫర్కిన్ అంటే 9 గాలన్ల పీపా, సుమారు 41 లీటర్లు, 72 పైంట్లు. అది ఇంగ్లీషు బూతుకి దగ్గరగా వినపడటమే ఆ గొలుసు మొత్తానికి పెట్టుబడి.

తెలుగువాళ్లు తరచూ పొరబడే రెండు మాటలు. "ఆర్మ్స్" అంటే చేతులూ కావు, తుపాకులూ కావు, వంశచిహ్నం. ఆ ముందున్నది చాలాసార్లు అక్కడి భూస్వామి ఇంటిపేరు. "ఫ్రీ హౌస్" అంటే ఏదో ఉచితం అనుకుని లోపలికెళితే పేరు పెన్నేరు, తాగబోతే నీరు లేదు. ఒకే బీరు కంపెనీకి కట్టుబడి లేదు, ఎవరి సరుకైనా కొనుక్కుంటుంది అని దాని భావం, అంతే.

ఇక వెతకడం. మారుపేరు వినగానే అది ఏ జాతిదో తేల్చుకోండి. జంతువుని ఎగతాళి చేస్తే బోర్డులో దానికి దగ్గరి జంతువు ఉంటుంది. తోక కత్తిరించిన పేరైతే ముందు ముక్కతో మొదలయ్యేది వెతకండి: మాంచెస్టర్‌లో "పెవ్" అంటే పెవరిల్ ఆఫ్ ద పీక్, ఎడిన్‌బరోలో "ఆక్స్" అంటే ఆక్స్‌ఫర్డ్ బార్, నాటింగ్‌హామ్‌లో "ట్రిప్" అంటే ఇసుకరాతి గుహల్లోకి దూరి ఉన్న యే ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం. దాని గోడ మీద 1189 అని రాసుంటుంది, భవనం వయసు మాత్రం అంత లేదు. మనిషి పేరైతే మ్యాప్ పనికిరాదు, అడగాల్సిందే. "టాప్ హౌస్", "బాటమ్ హౌస్" అంటే ఎత్తున ఉన్నది, పల్లాన ఉన్నది అని మాత్రమే, వీధి వాలు చూసుకోండి.

పొరపాటు ఎక్కువగా జరిగేది పేరు మార్చిన పబ్బులతో. కంపెనీ కొత్త బోర్డు పెడుతుంది, యాభై దాటినవాళ్లు పాత పేరే అంటారు, ట్యాక్సీ డ్రైవరుకి రెండూ తెలుసు, ఫోనుకి ఒకటే తెలుసు. ఖాయం చేసుకోవాలంటే ఆ ఊరి కౌన్సిలు వెబ్‌సైట్‌లో లైసెన్సుల రిజిస్టరు ఉంటుంది, వీధి పేరుతో వెతకండి. 2003 చట్టం ప్రకారం లైసెన్సు సారాంశం లోపల కనపడేలా పెట్టాలి, అధికారిక పేరు, చిరునామా అందులో ఉంటాయి. ఇంకా పాత పేరు కావాలంటే స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం సైట్‌లో ఆర్డినెన్స్ సర్వే పాత మ్యాపులు ఉచితం. మైలుకి 25 అంగుళాల స్కేలుది తెరిచి ఆ మలుపు దగ్గర పీ.హెచ్. అన్న అక్షరాలు చూడండి. పబ్లిక్ హౌస్ అని అర్థం. కొన్నిచోట్ల పేరు కూడా రాసుంటుంది.

చివరగా, ఎవరైనా "స్పూన్స్" అంటే అది ఒక పబ్బు కాదు. వెదర్‌స్పూన్ అనే కంపెనీ పబ్బుల గొలుసులో ఏదైనా కావచ్చు, బోర్డు మీద ప్రతిదానికీ వేరే పేరుంటుంది, పాత సినిమాహాలుదో పోస్టాఫీసుదో. పెద్ద ఊళ్లో రెండు మూడు ఉంటాయి, కాబట్టి బయల్దేరే ముందు ఏ వీధిదో అడగండి.